క్వైట్ గుడ్ అంటే ఎంత బాగున్నట్టు?

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రంలో పెద్దక్షరాల్లో వేశారు. నేను మళ్ళీ చెప్పను. ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకున్న మా అందరికీ ఆయన మాస్టారు, అంతే. మాస్టారికి పొగడ్త గిట్టదు. మా కాంపోజిషన్ పుస్తకాల్లో 'వెరీ' కనబడితే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, "ఇది తీసేస్తే ఏం తగ్గిందిరా?" అని అడిగేవారు. ఎంత వెతికినా తగ్గిందేమీ కనబడేది కాదు. అలాంటి మనిషిని గంటసేపు పొగిడితే ఆయనకే అపచారం. అందుకని ఆయనకు నచ్చే పని ఒకటి చేస్తాను. ఒక్క ఇంగ్లీషు మాటను పట్టుకుని, అది ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట్లో ఏమవుతుందో చూస్తాను. ఆ మాట 'క్వైట్'.

కార్యదర్శిగారు మొదట 'ప్రపంచీకరణ నేపథ్యంలో ఆంగ్లభాష' అని పెడదామన్నారు. అంత పెద్ద నేపథ్యంలో నాకు ఊపిరాడదని మనవి చేసుకున్నాను. పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

మా అక్క కొడుకు ఇంగ్లండులో పీజీ చదివాడు. మొదటి టర్ములో రాసిన వ్యాసం దిద్దించుకుని వచ్చింది. ఆఖరి పేజీ కింద ప్రొఫెసరు చేత్తో రాసిన రెండు ముక్కలు: 'క్వైట్ గుడ్'. వాడు దాన్ని ఫొటో తీసి ఇంటిల్లిపాదికీ వాట్సాప్‌లో పంపాడు. మా అక్క వీధిలో నలుగురికీ 'చాలా బాగా రాశాడన్నారట' అని చెప్పింది. వారం తిరక్కుండా మార్కులొచ్చాయి. 54. అక్కడి మాస్టర్స్ చదువుల్లో మామూలుగా 50 వస్తే పాసు, 60 వస్తే మెరిట్, 70 వస్తే డిస్టింక్షన్. 54 అంటే గట్టెక్కినట్టు. "మావయ్యా, మార్కులు వేయడంలో ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ దిద్దమని అడగనా?" అని ఫోన్ చేశాడు. వద్దురా అన్నాను. ప్రొఫెసరు రాసిన మాటా, వేసిన మార్కూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయాయి. లెక్క తప్పింది మనింట్లో, 'క్వైట్' అంటే 'చాలా' అని చదువుకున్న చోట.

బ్రిటిష్ వాళ్ళ నోట 'గుడ్' కన్నా 'క్వైట్ గుడ్' తక్కువ కావడం మామూలే. 'బాగుంది, కానీ...' అని లోపల ఒక కానీ ఉంటుంది. బ్రిటిష్ వాళ్ళు అనే మాటలకు అసలు అర్థాలేమిటో యూరప్ వాళ్ళకు విప్పిచెప్పే హాస్యపు పట్టిక ఒకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. అందులో క్వైట్ గుడ్‌కు ఎదురుగా రాసిన అర్థం 'కాస్త నిరాశపరిచింది' అని. హాస్యమే అయినా పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో అదే మాట ఎక్కువగా పైకే తూగుతుంది. 'గుడ్' కన్నా ఒక మెట్టు పైన, 'వెరీ గుడ్'కు దగ్గరగా. ఒకే భాష, ఒకే స్పెల్లింగు, సముద్రం దాటితే తక్కెడ అటు నుంచి ఇటు మొగ్గుతోంది.

ఇలా ఎందుకయింది? మాట పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్ళాలి.

లాటిన్‌లో 'క్వియేటస్' అంటే విశ్రాంతిగా, నెమ్మదిగా ఉన్నవాడు. మధ్యయుగాల్లో ఆ మాట లెక్కల పుస్తకాల్లోకి వచ్చింది. బాకీ తీర్చేసినవాడు ఇక నెమ్మదిగా ఉండొచ్చు గనక, రుణవిముక్తుణ్ణి క్వియేటస్ అన్నారు. ఇంగ్లండులో రాజుగారి ఖజానాకు లెక్క ఒప్పజెప్పినవాడికి ఆ మాటతోనే చెల్లు రాసేవారు. మన కరణాలు రాసిచ్చిన చెల్లుచీటీ లాంటిదే. హామ్లెట్ చావు గురించి తర్కించుకునే చోట షేక్‌స్పియర్ ఈ క్వియేటస్‌నే వాడాడు, బతుకు బాకీ తీర్చేసుకోవడం అన్న భావంలో. ఆ లాటిన్ మాట పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగి నాలుగైదు రూపాలెత్తింది. వదిలేయడం 'క్విట్'. నేరం నుంచి విడుదల చేయడం 'అక్విట్'. నిశ్శబ్దం 'క్వయట్'. బాకీ ఏమీ మిగలకుండా, పూర్తిగా అన్నది 'క్వైట్'. పిల్లలు పరీక్షల్లో క్వైట్ రాయాల్సిన చోట క్వయట్ రాస్తే సున్నా చుడతారు. చుట్టాల్సిందే. కాకపోతే ఆ రెండూ ఒకే కడుపున పుట్టినవని తెలిస్తే చుట్టే చెయ్యి కాస్త మెత్తబడుతుంది.

కాబట్టి మొదటి అర్థం 'పూర్తిగా'. 14వ శతాబ్దం నుంచీ ఈ అర్థం ఉంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ మాటకు ఇచ్చిన అర్థాలన్నీ సంపూర్ణంగా, సమగ్రంగా అన్న తీరువే. 'ఒక మోస్తరుగా' అన్న అర్థం స్థిరపడింది ఆ తర్వాత, 19వ శతాబ్దంలో. నిండుకుండ లాంటి మాట వందేళ్ళలో సగానికి దిగింది. పాత అర్థం పోయిందా అంటే పోలేదు. రెండూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. అసలు చిక్కంతా అదే.

తెలుగులో దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచిన మాట ఉంది. మన 'చాలా' పుట్టింది 'చాలు' నుంచి. సరిపడేంత అన్నది దాని మొదటి కొలత. అన్నం వడ్డించేటప్పుడు చెయ్యి అడ్డుపెట్టి చాలంటాం చూడండి, అదే చాలు. ఆ సరిపడేంత కాస్తా పెరిగి పెరిగి మిక్కిలి అయి కూర్చుంది. ఇంగ్లీషువాడి 'పూర్తిగా' కిందికి జారింది, మనవాడి 'సరిపడా' పైకెక్కింది. ఇలాంటి మాటలు కుదురుగా ఉండవు. 'వెరీ' కూడా ఒకప్పుడు 'నిజమైన' అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాటే. ఈ జాతి మాటల మీద 1901లోనే స్టోఫెల్ అనే ఆయన ఒక పుస్తకం రాశాడు. అవి అరిగిపోవడం, అరిగిన చోట కొత్తవి రావడం ఎప్పుడూ జరిగేదే. మన కుర్రకారు సినిమా చూసొచ్చి 'కేక' అన్నారు కొన్నాళ్ళు. హైదరాబాదులో 'కిరాక్' అన్నారు. 'అరాచకం' అంటే పొగిడినట్టేనని నాకు ఈమధ్యనే మనవరాలు బోధించింది. రాజనీతి పాఠం చెప్పినవాడిగా కాస్త కలుక్కుమంది, కానీ భాష నన్నడిగి నడవదు.

సరే, రెండర్థాలు కాపురం చేస్తున్నప్పుడు వినేవాడికి ఏది ఏదని ఎలా తెలుస్తుంది? పక్కన కూర్చున్న విశేషణాన్ని చూస్తే చాలావరకు తెలుస్తుంది.

కొన్ని గుణాలకు మెట్లుంటాయి. ఎత్తు, వేడి, మంచి, ఖరీదు. ఎంతైనా ఎక్కొచ్చు, ఎంతైనా దిగొచ్చు. కొన్నింటికి మెట్లుండవు, అంచు ఉంటుంది. ఖాళీ, అసాధ్యం, తప్పు, చావు. గ్లాసు ఖాళీ అయితే అయినట్టే. 'ఆయన చాలా చనిపోయాడు' అని ఎవరూ అనరు. 'వాడు పూర్తిగా పొడుగు' అనీ అనరు. తరతమాలను కొలిచే ఈ తీరు మీద ఎడ్వర్డ్ సపీర్ రాసిన మంచి వ్యాసం ఆయన పోయాక 1944లో అచ్చయింది. డ్వైట్ బోలింజర్ 1972లో ఈ తూకపు మాటల మీదే ఒక పుస్తకం వేశాడు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అనే నలుగురు కలిసి రాసిన బృహద్వ్యాకరణంలో క్వైట్‌కు రెండు అరల్లో చోటిచ్చారు. ఒకటి అంచుదాకా తీసుకెళ్ళే మాటల అర. రెండోది 'కాంప్రమైజర్లు', అంటే రాజీ మాటల అర. ఆ రెండో పేరు పెట్టినవాళ్ళకు నా నమస్కారం. 'బాగోలేదనలేను, బాగుందని గట్టిగానూ అనలేను' అన్న మనిషి మొహం ఆ పేరులో కనబడుతుంది.

అంచున్న విశేషణం పక్కన క్వైట్ పడితే పాత అర్థమే పలుకుతుంది. క్వైట్ ఇంపాజిబుల్ అంటే బొత్తిగా అసాధ్యం. క్వైట్ రాంగ్ అంటే శుద్ధ తప్పు. క్వైట్ ఎంప్టీ అంటే పూర్తిగా ఖాళీ. ఇక్కడ బ్రిటనూ అమెరికా ఒక్కటే. మెట్లున్న విశేషణం పక్కన పడితేనే తగాదా. క్వైట్ గుడ్, క్వైట్ టాల్, క్వైట్ ఎక్స్‌పెన్సివ్. ఒక చిత్రం చూడండి: క్వైట్ డిఫరెంట్ అంటే పూర్తిగా వేరు, క్వైట్ సిమిలర్ అంటే కాస్త ఇంచుమించు. ఒకదానికొకటి ఎదురుబొదురు మాటలే, తూకాలు మాత్రం రెండు రకాలు.

ఈ అంచుల సంగతి తెలుగువాడికి కొత్తేమీ కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ద్విరుక్తటకారం చదువుకున్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. పగలు పట్టపగలవుతుంది. నడుమ నట్టనడుమ అవుతుంది. చివర చిట్టచివర, మొదట మొట్టమొదట, బయలు బట్టబయలు, కడ కట్టకడ. ఈ జాబితాను ఒక్కసారి తీరిగ్గా చూడండి. ఇందులో ఎక్కువభాగం అంచుల మాటలు: మొదలు, చివర, నడిమధ్య. వేడికీ ఎత్తుకూ మంచికీ ఇలా టకారం రెట్టించి మాట కట్టినవాడు లేడు. ఏ గుణానికి అంచుందో, దేనికి మెట్లున్నాయో మన నాలుకకు పుట్టుకతోనే తెలుసు. క్వైట్ ఇంపాజిబుల్‌లోని క్వైట్ చేసే పని, పట్టపగల్లోని పట్ట చేసే పనీ ఒక్కటే.

మరి రాజీ అరలోని క్వైట్‌కు తెలుగులో ఏముంది? 'ఒక మోస్తరుగా', 'ఫరవాలేదు' అని చెబుతుంటారు. అవి దగ్గరివే, కానీ అసలైనది మరొకటుంది. అది మాట కూడా కాదు, మాట చివరి ఒక్క అచ్చు.

పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చిన మేనత్తను అడగండి, పిల్ల ఎలా ఉందని. 'బాగుంది' అంటే ముహూర్తాలు చూసుకోవచ్చు. 'బాగానే ఉంది' అంటే ఇంకో సంబంధం చూసుకోవాలి. ఎంత తేడా! 'ఏ' అన్నది గట్టిగా నొక్కిచెప్పడానికి వాడే ప్రత్యయం. 'రాముడే వచ్చాడు', 'నిన్ననే చెప్పాను'. మరి నొక్కిచెబితే బాగు పెరగాలి గదా, తగ్గిందెందుకు? ఎవరూ అనుమానించని చోట నొక్కిచెప్పడం వల్ల. 'బాగానే' అనగానే వినేవాడికి అనుమానం వస్తుంది: బాగోలేదని ఎవరన్నారు? అయితే ఏదో ఉంది! అలా నొక్కు కాస్తా ఒప్పుకోలుగా మారింది. బాగున్నంతవరకూ బాగుంది, అని.

ఇంగ్లీషులో క్వైట్ జారిన దారి కూడా ఇదేనని నా నమ్మకం. 'పూర్తిగా బాగుంది' అని అక్కర్లేని చోట నొక్కి నొక్కి అనగా అనగా, అది 'బాగుందని ఒప్పుకుంటాను' అన్న దగ్గరికి వచ్చి ఆగింది. పోలిక ఇక్కడితో అయిపోలేదు. 'వాడు రియల్ ఎస్టేట్‌లో బాగానే సంపాదించాడు' అంటే ఎంత? ఒక మోస్తరుగానా? కాదు, గట్టిగా వెనకేశాడని. 'సభకు జనం బాగానే వచ్చారు' అంటే అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చారని. ఇంగ్లీషులో 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే కొందరు కాదు, చాలామంది. 'క్వైట్ ఎ లాట్' అంటే బోలెడు. అక్కడ పడిపోయిన క్వైట్ ఇక్కడ ఎలా లేచిందో, మన బాగానే కూడా అలాగే లేస్తుంది. గుణాన్ని కొలిచేటప్పుడు తగ్గడం, రాశిని కొలిచేటప్పుడు పెరగడం. ఎక్కడి లండను, ఎక్కడి తెనాలి? ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. మొహమాటస్థులైన మనుషులు ఎక్కడున్నా ఇలాగే మాట్లాడతారు కాబోలు.

ఇక గొంతు సంగతి. 'బాగా...నే ఉంది' అని సాగదీస్తే ఒక అర్థం, 'బాగానే ఉంది!' అని ఆశ్చర్యంగా అంటే మరో అర్థం. బ్రిటిష్ ఇంగ్లీషులో బరువు క్వైట్ మీద వేస్తే పెదవి విరిచినట్టు. బరువు గుడ్ మీద వేస్తే మెచ్చుకున్నట్టే. ఇది చెవికి తెలుస్తుంది, కాగితం మీద తెలియదు. మా వాడికి వచ్చింది కాగితం. ఆ ప్రొఫెసరు నోటితో చెప్పి ఉంటే ఆ రోజు వాట్సాప్‌లో అంత సందడి ఉండేది కాదు.

ఇదంతా మార్కులకూ మొహమాటాలకూ సంబంధించిన ముచ్చట అనుకుంటే సరిపోదు. 1951 ఏప్రిల్‌లో కొరియాలో, ఇమ్‌జిన్ నది దగ్గర, చైనా సేనలు విరుచుకుపడ్డాయి. బ్రిటిష్ 29వ బ్రిగేడుకు చెందిన గ్లోస్టర్‌షైర్ రెజిమెంటు బెటాలియను ఒక కొండ మీద చిక్కుకుపోయింది. ఆ బ్రిగేడు పై అధికారం అమెరికన్ జనరల్ సోల్‌ది. పరిస్థితి ఎలా ఉందని ఆయన అడిగితే, బ్రిగేడియర్ బ్రోడీ బ్రిటిష్ మర్యాదలో, కాస్త చిక్కుగా ఉందన్నట్టు జవాబిచ్చాడని చరిత్రకారులు రాశారు. ఆయన వాడింది క్వైట్ కాదు, దాని దాయాదులు: 'ఎ బిట్', 'ప్రెట్టీ'. సాటి బ్రిటిష్ అధికారి విని ఉంటే గుండె గుభేలుమనేది. 'కాస్త' అన్నాడంటే కొంప మునిగినట్టేనని వాళ్ళకు తెలుసు. అమెరికన్ జనరల్‌కు 'కాస్త' కాస్తగానే వినబడింది. వెనక్కి రమ్మనే ఆజ్ఞ రావలసిన వేళకు రాలేదు. చివరికి ఆ కొండ దిగి తమవాళ్ళను చేరుకోగలిగింది నలభై మంది చిల్లర. వందల మంది బందీలయ్యారు. యుద్ధంలో ఓటమిని ఒక్క మాట మీదికి నెట్టడం న్యాయం కాదు. శత్రువుల సంఖ్య, దూరం, ఆలస్యమైన సాయం, అన్నీ ఉన్నాయి. అయినా తూకపు మాటలను వాడుక తెలియకుండా నిఘంటువు ప్రకారం వింటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

మిగిలిన వాడుకలు గబగబా చెప్పేస్తాను. 'నాట్ క్వైట్' అంటే అంచుదాకా వచ్చి ఆగింది, ఇంకా కాస్త మిగిలింది అని. అన్నం ఉడికిందా అంటే 'ఇంకొక్క పలుకుంది' అంటాం, అదీ నాట్ క్వైట్. బ్రిటిష్ పెద్దమనిషి మీ మాటంతా విని, ఒక్క ముక్క 'క్వైట్' అని ఊరుకుంటే, 'అంతేగా మరి' అని ఒప్పుకున్నట్టు. 'క్వైట్ ఎ మ్యాన్' అంటే 'మామూలోడు కాదు' అని. ఇక వరస సంగతి: మామూలుగా 'క్వైట్ ఎ గుడ్ బుక్' అంటారు, 'ఎ' వెనక్కి పోతుంది. ఎందుకని మాస్టారిని అడిగితే, "అది రైలు, అది ముందు పోతుంది, నువ్వు ఎక్కు" అన్నారు.

మన దగ్గరికి వద్దాం. మనకు ఇంగ్లీషు బ్రిటిష్ వాళ్ళతో వచ్చింది. వాళ్ళు వెళ్ళాక కూడా పాఠ్యపుస్తకాలు, వ్యాకరణాలు, ఉచ్చారణ పాఠాలు ఎక్కువభాగం ఆ బాటలోనే నడిచాయి. ఇంగ్లీషు బోధనకంటూ 1958లో హైదరాబాదులో పెట్టిన కేంద్ర సంస్థ, అంటే ఈనాటి ఇఫ్లూ, బ్రిటిష్ కౌన్సిల్ చేయూతతో మొదలైనదే. ఉద్యోగాలొచ్చేసరికి మన పిల్లల్లో ఎక్కువమంది అమెరికాకో, అమెరికన్ కంపెనీల హైదరాబాదు ఆఫీసులకో వెళుతున్నారు. పుస్తకం ఒక తక్కెడతో తూచమంటుంది, ఆఫీసు ఇంకో తక్కెడతో తూస్తుంది. ఈ రెండూ గాక ఇంట్లో నేర్చుకున్న మూడో తక్కెడ ఒకటి: క్వైట్ అంటే చాలా. టీమ్‌లో ఒక బ్రిటిష్ మేనేజరు, ఒక అమెరికన్ క్లయింటు, మధ్యలో గుంటూరు కుర్రాడు ఉంటే, అప్రైజల్‌లో ఒక క్వైట్ ముగ్గురికీ మూడు రకాలుగా తూగుతుంది. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరికీ నిజం అందదు.

అందుకని ఈ వేదిక మీద నుంచి కొందరికి విన్నపాలు చేసి దిగిపోతాను.

నిఘంటువులు రాసే మిత్రులకు: క్వైట్ పక్కన 'మిక్కిలి, చాలా, పూర్తిగా' అని గుక్కతిప్పుకోకుండా మూడు పర్యాయపదాలు పేర్చకండి. ఆ మూడూ ఒకటి కావు, పైగా అసలైన 'బాగానే' ఆ వరసలో కనబడదు. మాటకు మాట ఇవ్వడం మాని జత మాటలివ్వండి. క్వైట్ ఇంపాజిబుల్: బొత్తిగా అసాధ్యం. క్వైట్ గుడ్: బ్రిటన్‌లో బాగానే ఉంది, అమెరికాలో చాలా బాగుంది. క్వైట్ ఎ ఫ్యూ: బాగానే ఉన్నారు. మూడు పంక్తుల చోటు పడుతుంది, పోనివ్వండి.

ఇంగ్లీషు టీచర్లకు: ఈ పాఠాన్ని తెలుగులోంచి మొదలుపెట్టండి. పిల్లలకు పట్టపగలు తెలుసు, మేనత్త 'బాగానే' తెలుసు. ఆ రెండూ చెప్పి అప్పుడు బోర్డు మీద క్వైట్ రాయండి. మెట్లున్నవాటికి గ్రేడబుల్, అంచున్నవాటికి నాన్ గ్రేడబుల్ అన్న పేర్లు పరీక్షకు పనికొస్తాయి, తర్వాత నేర్పుకోవచ్చు.

విదేశాల్లో చదువుతున్న, పనిచేస్తున్న పిల్లలకు: పొగడ్తగానో విమర్శగానో క్వైట్ మీ చేతికొస్తే, రాసినవాళ్ళది ఏ దేశమో ముందు చూసుకోండి. అనుమానమొస్తే అడిగేయండి, నామోషీ ఏమీ లేదు. ఇంకొకరి పని మీద మీరే రాయాల్సి వచ్చినప్పుడు క్వైట్ జోలికి పోకండి. బాగుంటే గుడ్ అని రాయండి. బాగోకపోతే ఏ పేజీలో ఏది బాగోలేదో రాయండి.